లోపల వదిలిన మడత

పాలు పొయ్యి మీద పెట్టి మా వదిన రోజూ పొద్దున్నే ఒంటికాలి మీద నిలబడేది. పాలు పొంగేదాకా కుడికాలు, కాఫీ కలిపేటప్పుడు ఎడమకాలు. తూలినా గట్టు పట్టుకునేది కాదు. మా అమ్మ, అంటే ఆమె అత్తగారు, వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోయేది: "అందరి కోడళ్లూ అత్తల మీద ఒంటికాలి మీద లేస్తారు. మా అమ్మాయి పాల మీద లేస్తుంది."

వదిన దర్జీ. తెల్లవారకముందే పరుగుకు వెళ్లొచ్చి, స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని వీధిగదిలో కుట్టుమిషను ముందు కూర్చునేది. మా బజారు ఆడవాళ్లు ఏటా రిలే పరుగుకు ఒక జట్టుగా దిగుతారు. చివరి పరుగు వదినదే. ముందువాళ్లు ఎంత వెనకబడినా కర్ర ఆమె చేతికొస్తే చాలని అందరికీ ధైర్యం.

ఆ ఏడు పోటీ దగ్గరపడుతుండగా, వాన వెలిసిన ఒక పొద్దున కాలువ అంచున అడుగు జారి వదిన కుడి చీలమండ బెణికింది. కుంటుతూ ఇంటికొచ్చింది. మా అమ్మ గాభరాపడి నూనె రాసి గట్టిగా మర్దనా చేసింది, వేడినీళ్ల కాపడం పెట్టింది. ప్రేమతోనే చేసింది పాపం. సాయంత్రానికి కాలు బుంగలా ఉబ్బింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి ఎముక విరగలేదన్నారు. వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ మాత్రం, కొత్త బెణుకుకు వేడీ మర్దనా పనికిరావనీ, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచాలనీ చెప్పి, ఇదంతా ఎవరు చేశారని అడిగింది. అమ్మ ముఖం చిన్నబోయింది. వదిన తల ఎత్తకుండానే, "నేనే తొందరపడ్డానండీ" అంది. ఆ ఒక్క మాటకు అమ్మ ఇప్పటికీ దేవుడి ముందు అందరికంటే ముందు కోడలి పేరే చెప్పుకుంటుంది.

ఐసు సంగతి చేపల కొట్టు అక్క చూసుకుంది. రోజూ డబ్బా నిండా ముక్కలు కొట్టి తెచ్చి గుమ్మంలో పెట్టేది. జట్టులో ఆమె అదనపు మనిషి. భారీ మనిషి, ఏనాడూ దిగే అవసరం రాలేదు. అయినా పొద్దున్నే వదిన వెనకాల ఆయాసపడుతూ పరుగెత్తేది. ఆ ఐసుకు చేపల వాసన. వీధిపిల్లి వచ్చి వదిన కాలి దగ్గరే కాపురం పెట్టింది. "నీ కాలికి మంచి బేరమే తగిలిందే" అని అక్క నవ్వేది.

వాపు తగ్గాక డాక్టరమ్మ పాదం కదిపే వ్యాయామాలు నేర్పింది. పాల దగ్గర నిలబడడం అలా మొదలైందే. నొప్పి లేకుండా ఆ కాలి మీద గెంతగలిగిన రోజే పరుగు అంది. వదినకు మనసు ఆగలేదు. దర్జీ చెయ్యి కదా, మందపాటి గుడ్డతో చీలమండకు పట్టీ కుట్టుకుంది. రవిక కుట్టినంత నేర్పుగా, ముడత లేకుండా, ఒంటికి అతికినట్టు. అది తొడుక్కుని ఎవరికీ చెప్పకుండా పరుగెత్తి వచ్చింది. వచ్చేసరికి కాలివేళ్లు తిమ్మిరెక్కాయి, పట్టీకి పైనా కిందా వాపు పొంగింది. వదులు చేద్దామంటే లోపల మడిచి వదిలిన గుడ్డే లేదు. కత్తిరించాల్సి వచ్చింది.

కత్తిరించింది మా అమ్మే. ఆ ముక్కను తిరగేసి చూసింది. ఎవరి పిల్లలకు గౌను కుట్టినా, ఎదిగినప్పుడు విప్పుకోవడానికి వదిన లోపల మడత వదులుతుంది. వాళ్లు అడగకపోయినా వదులుతుంది.

"పరాయి పిల్లలకు వదిలే మడత నీ కాలికి వదలలేకపోయావా అమ్మాయ్?" అంది అమ్మ.

వదిన ఏడ్చింది, ఆ వెంటే నవ్వింది. వాపు తగ్గాక మళ్లీ మొదటినుంచి పాల దగ్గర నిలబడింది.

పోటీకి ముందురోజు పాలు పొంగేదాకా తూలకుండా నిలబడింది. పాలు దించి, గెంతి చూసింది. చీలమండ కలుక్కుమంది. అమ్మ వైపు చూసింది. అమ్మ కాఫీ తనే కలిపి చేతికిచ్చింది. వదిన మిషను దగ్గర కూర్చుని తన జట్టు చొక్కా తీసింది. అది కూడా తను కుట్టిందే కనుక లోపల మడత ఉంది. పక్క కుట్లు విప్పి, ఉన్న గుడ్డంతా వదిలి మళ్లీ కుట్టింది. దాన్ని మడిచి పట్టుకుని మెల్లగా చేపల కొట్టుకు నడిచింది. నేను తోడు వెళ్లాను. అక్క ఐసు కొడుతోంది.

"అక్కా, ఇన్నాళ్లూ నా కాలికి ఐసు మోశావు. రేపు నా పరుగు కూడా నువ్వే పరుగెత్తిపెట్టవూ? ముగింపు గీత అవతల నీకోసం నీళ్లు పట్టుకుని నిలబడతాను."