మెడ వెనక గుబిలింత

ఆ వీధిలో ఆయన్ని అందరూ డౌటుగారు అంటారు. క్షవరం చేయడంలో ఆయన చేతికి తిరుగులేదు గానీ, మనిషికి పుట్టుకతోనే అనుమానం. పాలు పలచగా ఉంటే నీళ్లు కలిపారంటాడు, చిక్కగా ఉంటే ఇందులో ఏం కలిపారో అంటాడు. తను పెట్టిన చోటు నుంచి కత్తెర బెత్తెడు జరిగిందంటే, ఎవరు ముట్టుకున్నారో తేలేదాకా పని మొదలుపెట్టడు. షాపులో ఉన్నవి రెండే కుర్చీలు. కిటికీ పక్కది ఆయనది, రెండోది బావమరిదిది, అంటే భార్య తమ్ముడిది. ఆ బావమరిది నోటికి మూతలేదు. "మా బావ అద్దంలో తన మొహాన్నే నువ్వెవరని అడిగే రకం" అని వచ్చినవాళ్లందరినీ నవ్విస్తుంటాడు.

ఇంత అనుమానపు మనిషీ భార్యను మాత్రం ఏనాడూ అనుమానించలేదు. చెప్పొద్దూ, ఆ సంగతి తలుచుకుని లోలోపల కాస్త గర్వపడేవాడు కూడా.

ఈ వృత్తిలో ఒక చిన్న నరకం ఉంది. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల జుట్టు కత్తిరిస్తుంటే ఆ తునకలు ఎగిరి కత్తిరించేవాడి కాలర్లోనే దూరతాయి. దురదా కాదు, మంటా కాదు, గుచ్చుకున్నట్టూ కాదు, దానికి పేరే లేదు. పెళ్లైన కొత్తలో ఒకరోజు ఆయన భుజాలు ఎగరేసుకుంటూ ఇంటికొచ్చాడు. భార్య వంటింటి గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, తడి తువ్వాలుతో మెడ తుడిచి, "ఇదిగో, నీ గుబిలింత పోయింది" అంది.

"అదేం మాట? ఎక్కడిది?" అన్నాడు, అలవాటు కొద్దీ అనుమానంగా.

"ఎక్కడిదీ కాదు. ఇప్పుడే పుట్టింది."

అప్పటినుంచి రోజూ అదే పీట, అదే తువ్వాలు, అదే మాట. పిల్లలు పుట్టారు, పెరిగారు, ఎవరి సంసారాల్లో వాళ్లు పడ్డారు. పిల్లల ముందు కూడా ఇద్దరూ ఆ మాట అనలేదు. ముద్దూ మురిపెం పైకి చూపించుకునే మనుషులు కారు. ఉన్నదంతా ఆ ఒక్క మాటలోనే దాచుకున్నారు.

అలాంటిది, ఒక ఉదయం ఆయన ఎవరి గడ్డానికో నురగ పట్టిస్తుంటే షాపులో రేడియో కొత్త పాట ఎత్తుకుంది. "గుబిలింత గుబిలింత, మెడ వెనక గుబిలింత" అని ఒక ఆడగొంతు గారాలు పోయింది. డౌటుగారి గుండెల్లో రాయి పడింది. మాట ఒక్కటే అయితే ఎక్కడో ఎవడికో తోచిందనుకోవచ్చు. మెడ సంగతి ఎలా తెలిసింది?

చూస్తుండగానే పాట ఊరంతా పాకింది. ఆటోల్లో అదే, ఫోన్ల రింగుల్లో అదే. షాపులో దాని అర్థం మీద వాదోపవాదాలు. కొత్తగా వచ్చినాయన ఒకడు పాత కావ్యాల్లో మాటన్నాడు, ఇంకొకడు కాదు పువ్వు పేరన్నాడు. "మా బావని అడగండి, అర్థం చెప్తాడు" అని బావమరిది కన్నుగీటాడు. పాత ఖాతాదారులు ఇద్దరు ముగ్గురు ఆయన వంక చూసి ముసిముసిగా నవ్వారు. డౌటుగారికి ఒళ్లు భగ్గుమంది. వీడికి తెలుసన్నమాట! అక్క చెప్పిందన్నమాట! వీధి వీధంతా తన వెనక నవ్వుకుంటోందన్నమాట! ఇక ఆ పూట నుంచి పళ్లు బిగించి, తల వంచుకుని, మాటా పలుకూ లేకుండా పని చేయడం మొదలుపెట్టాడు.

తమ్ముడికి చెప్పిందంటే సరిపెట్టుకోవచ్చు. పాటలోకి ఎలా వెళ్లిందన్నదే ఆయన్ని తొలిచేసింది. ఇంటి పైవాటాలో రికార్డింగుల్లో కీబోర్డు వాయించే ఆయన ఒకడు అద్దెకుంటున్నాడు. బయటికెళ్లేటప్పుడు తాళంచెవి కింద ఈవిడకిచ్చి వెళ్తాడు. ఇచ్చేటప్పుడొకసారి, పుచ్చుకునేటప్పుడొకసారి గుమ్మంలో నిలబడతాడు. ఇన్నాళ్లూ కనిపించని ఆ గుమ్మం ఇప్పుడు కళ్లముందే ఆడుతోంది. అనుమానానికి ఇంతకంటే మేత ఏం కావాలి?

గడ్డం గీయించుకోవడానికి ఆ కీబోర్డాయన పాపం తనంతట తనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. డౌటుగారు కత్తి గొంతు మీదికి తెచ్చి ఆపాడు.

"ఆ పాటలో మాట ఎవరు చెప్పారు?"

"నాకేం తెలుసన్నా! స్వరాలిస్తే వాయిస్తాం. మాటలు రాసేవాళ్లు వేరే" అన్నాడు అతను, గుటక కూడా వేయకుండా.

"మా ఇంట్లో ఎప్పుడైనా విన్నావా?"

"మీ ఇంట్లో నాకు తాళంచెవి తప్ప ఇంకేం ఇస్తారన్నా? ముందు ఆ కత్తి కాస్త జరుపు."

ఇంత తొందరగా తెలియదన్నాడంటే తెలిసే ఉంటుందని డౌటుగారు తేల్చుకున్నాడు. ఆలోచించి చెప్పి ఉంటే, కథ అల్లుతున్నాడని తేల్చుకునేవాడే. ఆయన కోర్టులో ముద్దాయి గెలవడమన్నది లేదు.

ఆ సాయంత్రం పీట మీద కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"మన మాట ఎవరికి చెప్పావు?"

ఆవిడ తువ్వాలు పిండుతోంది. "ఎవరికీ చెప్పలేదు" అంది.

"ఎవరికీ చెప్పకుండానే ఊరంతా పాడుతోందా? పైవాటా ఆయనకి చెప్పలేదూ?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, తువ్వాలు తీసి కొక్కేనికి తగిలించి లోపలికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి అన్నం వడ్డించింది, అడిగినదానికి జవాబు చెప్పింది, పీట మాత్రం గోడకి చేరేసింది. ఆయన మెడ తనే రుద్దుకుని ఎర్రగా చేసుకున్నాడు. చేతికందని చోట ఆ తునకలు వేధిస్తూనే ఉన్నాయి. తప్పు చేసింది కాబట్టే నోరు మెదపడం లేదని మనసుకి చెప్పుకున్నాడు గానీ, మనసు కుదుటపడలేదు.

ఒక మధ్యాహ్నం రిటైరైన టికెట్ కలెక్టరు వచ్చాడు. ఏళ్ల తరబడి ఆ కిటికీ పక్క కుర్చీ తప్ప ఇంకోటి ఎరగని మనిషి. కటింగ్ అయింది, డౌటుగారు బ్రష్షుతో మెడ దులిపి గుడ్డ తీసేశాడు. అయినా ఆయన లేవడే!

"అయిపోయింది సార్."

"అవలేదోయ్. ఆ మాట అను."

"ఏ మాట?"

"మెడ దులపగానే అంటావు కదయ్యా, గుబిలింత పోయింది సార్ అని! ఇన్నేళ్లూ అది వింటేనే నాకు క్షవరం అయినట్టు. పాటలో వచ్చిందని ఇప్పుడు మాకు అనడం మానేశావా?"

డౌటుగారు బ్రష్షుతో తన వైపే చూపించుకున్నాడు. "నేనా? నేనంటానా?"

"ఇంకెవరు బావా?" అన్నాడు బావమరిది పక్క కుర్చీ దగ్గర నుంచి. "ప్రతివాడి మెడ మీదా అంటావు. ఆ పాట రాసిన పొడుగాయన కూడా నీ కుర్చీలోనే కూర్చునేవాడుగా, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని! ఇంకోసారి అనమని అడిగి మరీ అనిపించుకున్నాడు. నేను అర్థం నిన్నడగమన్నది ఎందుకనుకున్నావు?"

చేతులు పనిలో ఉంటే నోరు ఏమంటోందో ఆయనకి ఎప్పుడూ పట్టలేదు. సాయంత్రం చెవిన పడ్డ ముద్దుమాటని పగలంతా ఊరి మెడల మీద పంచిపెట్టాడు, తనకే తెలియకుండా. లోకంలో అందర్నీ అనుమానించాడు గానీ, ఆ అద్దంలో మనిషిని అనుమానించడం తట్టలేదు.

షాపు బావమరిదికి అప్పగించి పెందలాడే ఇంటికొచ్చాడు. గోడకి చేరేసిన పీట తనే తెచ్చి వేసుకుని, గుమ్మం దగ్గర కూర్చున్నాడు. భార్యకి వీపు చూపిస్తూ జరిగిందంతా చెప్పాడు. మొహం చూసి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

"తప్పంతా నాదే. నువ్వెవరికీ చెప్పలేదు" అన్నాడు చివరికి.

"ఆ సంగతి నేను ఆరోజే చెప్పాను" అంది ఆవిడ. "టికెట్ కలెక్టరు చెబితే నమ్మావు."

ఆయన కాలరు గుండీ విప్పి తల వంచాడు. కాసేపటికి కొక్కెం మీది నుంచి తువ్వాలు తీసిన చప్పుడైంది, నీళ్ల చప్పుడైంది. చల్లటి తువ్వాలు మెడకి తగిలింది. ఎప్పటిలాగే, చెవుల వెనక, కాలరు కింద, ఒక్క తునకైనా వదలకుండా శుభ్రంగా తుడిచింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు, ఆ మాట కోసం.

పైవాటాలో రేడియో ఆ మాటే పాడుతోంది. ఆవిడ తువ్వాలు కొక్కేనికి తగిలించి, "లే, కాళ్లు కడుక్కో. అన్నం పెడతాను" అంది.