లస్కరు మరియదాసు వరద లెక్క

మరియదాసు ముప్పై రెండేళ్లు కాలవల మీద లస్కరుగా చేశాడు. షట్టర్లు ఎత్తడం, దించడం, పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూసి రాయడం అతని పని. రిటైరయ్యాక తోట్లవల్లూరు దిగువన కృష్ణ కరకట్ట మీద చిన్న ఇల్లు వేసుకున్నాడు. ఏటి మధ్య లంకలో పసుపు, అరటి వేసుకునేవాళ్లకి అతని మాటంటే గురి. పైన ఎంత నీరు వదిలితే లంకకి ఎన్ని గంటల్లో చేరుతుందో, ఏ మెరక దాకా వస్తుందో ఇట్టే చెప్పేవాడు.

ఏరు మారుతోందని అందరికంటే ముందు గమనించిందీ అతనే. నెలంతా చినుకుండేది కాదు. ఆ నెల వానంతా రెండు రోజుల్లో కుమ్మరించేది. నాట్లు వేసే వేళకి కాలవలో నీళ్లుండేవి కావు, కోతలప్పుడు చేలు మునిగేవి. ఇవన్నీ తెలిసి కూడా వరద దగ్గరకొచ్చేసరికి పాత లెక్కనే నమ్మాడు.

2024లో సెప్టెంబరు ఒకటో తారీఖు ఆదివారం. అతను చర్చి నుంచి వస్తుంటే లంకలో ఒంటరిగా ఉండే సుబ్బరత్నం పడవ రేవు దగ్గర ఎదురైంది. ఆమెకి రెండు గేదెలు. ఒకటి నిండు చూడిది.

"దాసుగారూ, ఖాళీ చెయ్యమని మైకులో చెబుతున్నారు. గేదెల్ని ఒడ్డుకి తోలేయమంటారా?"

"మీ దొడ్డి మెరక మీదుందమ్మా. 2009 వరదకే గడప తడవలేదు. చూడి గేదెని పడవెక్కించి ఎందుకు కష్టపెట్టడం?"

ఆమె వెనక్కి వెళ్లిపోయింది.

అతను లెక్కేసుకున్నది ఎప్పటిలా పై డ్యాముల నీళ్లనే. ఈసారి మబ్బు ఇక్కడిక్కడే విరగబడింది. మున్నేరు, వాగులు, వంకలు అన్నీ ఒక్కసారే వచ్చి కృష్ణలో పడ్డాయి. ఎగువనున్న బ్యారేజీ కట్టాక ఎన్నడూ చూడనంత వరద. సోమవారం తెల్లారేసరికి సుబ్బరత్నం డాబా మెట్ల మీద ఉంది. పడవవాళ్లు ఆమెని దింపుకొచ్చారు. పలుపులు విప్పి వదిలేసిన గేదెల్లో ఒకటి ఈది గట్టెక్కింది. చూడిది మూడో రోజు అరటితోటలో, పడిపోయిన చెట్ల మధ్య కనిపించింది.

మరియదాసు ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమే అంది, "మీరు కావాలని చెప్పారా ఏంటండీ? మీకు తెలిసింది చెప్పారు."

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఆ చలికాలమే ఆమె పొలం కౌలుకిచ్చి, మిగిలిన గేదెని అమ్మి, కంకిపాడులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకి అతను బస్సెక్కి వెళ్లాడు. "ఆ రోజు నాకు తెలీదు అని ఉండాల్సిందమ్మా," అన్నాడు. ఆమె కాఫీ ఇచ్చింది, లంకలో పసుపు ఎలా ఉందని అడిగింది.

మరుసటి ఏడు నీళ్లు వదులుతున్నారని వినగానే మరియదాసు పడవలో లంకకి వెళ్లి గడప గడపా తిరిగాడు, అందర్నీ బయటికి రమ్మని బతిమాలాడు. ఏరు మెరక కిందే ఆగి, రెండో రోజుకి తీసింది. తట్టాబుట్టా మోసుకుని తిరిగి వెళ్తూ బసవపున్నయ్య అనే పసుపు రైతు అందరి ముందూ కసిరాడు.

"ముప్పై ఏళ్లు ఏరు చూసినోడివి, ఇదేనా నీకు తెలిసింది దాసూ?"

"ఇప్పుడేమీ తెలీట్లేదండీ," అన్నాడు మరియదాసు, అతని పసుపు బస్తా ఒకటి అందుకుని పడవలో పెడుతూ.