కాగ్నా ఒడ్డును మోస్తున్న హెచ్చరిక బోర్డు

పేర్లు రాయడం మర్యాద కాదు గనుక రాయని సంబంధిత అధికారులకు మనవి చేసుకోవడమేమనగా: తాండూరులో కాగ్నా నది ఒడ్డు విరిగిపడుతున్నదనీ, ప్రజలెవరూ దాని దరిదాపులకు పోరాదనీ తమరు వికారాబాద్‌లో గోడకు అంటించిన ప్రకటనను శ్రద్ధగా చదివాను. చదివిన మరునాడే బయలుదేరాను.

వికారాబాద్ జంక్షన్‌లో ఉదయం ప్యాసింజర్ ఎక్కితే గంటలోపే తాండూరు. స్టేషన్ బయట ఆటో మల్లేశ్ నది గల్లీకి అరవై రూపాయలన్నాడు. అతని ఇల్లూ ఆ గల్లీలోనే.

"ఒడ్డు చూడనీకె వచ్చిండ్రా సార్? జల్ది ఎక్కుండ్రి. రేపటికి ఉంటదో లేదో."

గల్లీ చివర ఖాజాబీ హోటల్; ఆమె ఇల్లూ అదే. ఆమె వంటగది గోడకూ నదికీ మధ్య ఒక మంచం పట్టేంత నేల మిగిలింది. నిరుటి వానలకు కోళ్లగూడు కొట్టుకుపోయింది. నది నేలను ఆక్రమించిందంటూ ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. ఒడ్డును కాపాడటానికి మాత్రం ఎవరూ రాలేదు.

"ఖాలా, సార్ నీ ఒడ్డు చూస్తడట," అని మల్లేశ్ సొంత పిన్నిని పిలిచినట్టు కేకేశాడు.

"ముందు తినమను బేటా. నేనున్నంత దాంక ఒడ్డు యాడికి పోదు."

జొన్నరొట్టె, కందిపప్పు అయ్యాక వెనక్కి తీసుకెళ్లింది. ఆ గల్లీలో ఎవరింట పెండ్లయినా, ఇళ్లలో పరిచే తాండూరు బండలను నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు పారేసిన ముక్కలు ఒక ట్రాలీ ఒడ్డుకు చదివించాలి. మొదటి ఏడాది తాండూరు వాళ్లు మాత్రమే చేయగల తప్పు చేశారు. నున్నటి ముఖం పైకి పెట్టి, సందు లేకుండా, హాలులో పరిచినట్టు పరిచారు. వానకు వెనక చేరిన నీరు దారిలేక బండలన్నిటినీ నదిలోకి తోసేసింది.

"రోజు తడిబట్టతోని తుడిసినం గూడ సార్," అని మల్లేశ్ ఒప్పుకున్నాడు. "నా పెండ్లి ట్రాలీ అండ్లనే పోయింది. నా పెండ్లాం ఇప్పటికీ తిడుతది."

ఇప్పుడు ముక్కలను వెనక్కి వాల్చి, నీరు కారడానికి సందులు వదిలి పేరుస్తున్నారు. అడుగు వరుస జారకుండా ఒక ఇనుప రేకు అడ్డం నిలబెట్టారు. దానిమీద 'ప్రమాదం. సమీపించరాదు' అని ఉంది. తమరు ఒడ్డున పాతించిన బోర్డే. ఒడ్డుతోపాటు నదిలో పడితే గల్లీవాళ్లు తాళ్లేసి లాగారు.

"సర్కారోళ్లు గీ ఒడ్డుకు ఇచ్చింది గిదొక్కటే," అంది ఖాజాబీ. "పనికి పెట్టినం."

"మరి నోటీసు?"

"నేను జరిగితే నది ఆగుతదా సారూ? పక్కింటికి పోతది. పక్కిల్లు వీనిదే, అడుగుండ్రి."

"జర ఆగు ఖాలా, నన్నెందుకు ముంచుతవ్!"

ప్రకటనను ఉల్లంఘించి నేనూ రెండు ముక్కలు మోశాను. రెండోదాన్ని నున్నటి ముఖం పైకి పెట్టి ఇద్దరిచేతా తిట్లు తిన్నాను.

తిరుగు రైల్లో ఒక్కటే ఆలోచన. ఒక ఇంటిని ఖాళీ చేయించడం ఒడ్డును కాపాడటం కాదు, నదికి తరువాతి ఇంటి చిరునామా ఇవ్వడం. ఆ నేల మీద నిలబడి పప్పు వండటం ఆక్రమణ అయితే, ఆ పప్పు తిన్న నేనూ ఆక్రమణదారునే. నా పేరు కూడా ఆ నోటీసులో చేర్చగలరు. వెళ్లదలచినవారు గరుకు అడుగున్న చెప్పులు వేసుకోండి, వానలు తగ్గాక వెళ్లండి.

డిమాండు నెం. 1: వచ్చే వానలకు ముందే గల్లీ పొడవునా రాతి కట్ట కట్టించి, ఖాజాబీ నోటీసును ఉపసంహరించుకొనవలెను. అంతవరకు సదరు బోర్డును వాపసు అడగరాదు; అది విధి నిర్వహణలో ఉన్నది.