ఓ మావో పిట్ట

దైవాశీర్వాదం ఎంత సిగ్గరో అమెరికాలో వాళ్లుండే అరోరా ఊరి తెలుగు చర్చిలో అందరికీ తెలుసు. తెలుసని తెలిసి అతనికి ఇంకాస్త సిగ్గు. ఆఫీసు మీటింగులో కెమెరా ఆన్ చేయమంటే ఇంట్లో నెట్ బాగాలేదంటాడు. చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకి, బయట కార్లు సరిగ్గా పార్క్ చేశారో లేదో చూసి రావాలని సరిగ్గా అప్పుడే గుర్తొస్తుంది.

ఒక్క గరాజ్‌లో మాత్రం వేరే మనిషి. చెత్తడబ్బాలు బయటికి లాగుతూ ఈల వేస్తాడు. ఎప్పుడూ ఒకటే పాట, పాలకొల్లులో తన పెళ్లి ఊరేగింపుకి బ్యాండువాళ్లు వాయించినది.

భార్య పర్సిస్ అలా కాదు. అరోరాకి కాపురానికి వచ్చిన కొత్తల్లో, చర్చి భోజనాల దగ్గర వరస చివర నక్కిన మొగుణ్ణి హాలు ఈ కొసనుంచి కేకేసింది.

“ఓ మావో! ఆవకాయ అయిపోతంది, తొందరగా రా!”

హాలంతా ఘొల్లుమంది. పిల్లలు చాన్నాళ్లు అతన్ని ‘మావో అంకుల్’ అన్నారు. ఆ రోజు కారులో ఇంటికొస్తూ, “నలుగుర్లో అలా పిలవకు, పరువు పోద్ది,” అన్నాడు చెవులెర్రబడి.

“అలాగేనండీ,” అంది పర్సిస్.

అంతే. ఆనాటినుంచి ‘ఏమండీ’. నలుగురిలోనే కాదు, నట్టింట్లో కూడా. మొదట హాయిగానే ఉంది. తర్వాత్తర్వాత ఆ పిలుపు మీద బెంగపడ్డాడు. మళ్లీ పిలవమని అడగడానికి నోరు రావాలిగా! అది రాకుండానే కూతురు అబిగేల్ పుట్టి, పెరిగి, కాలేజీకి కూడా వెళ్లిపోయింది.

పెళ్లిరోజుకి ఈసారి పర్సిస్ హవాయి బుక్ చేయించింది. బీచ్ కోసం కాదు, పిట్ట కోసం. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగగానే పెరట్లో పిట్టలకి గింజలు పోసే మనిషి మరి. ఫోన్‌లో ఫొటో చూపించింది. కొండమీది అడవుల్లో ఉండే బూడిదరంగు పిట్ట.

“దీనిపేరు ఒమాయోనో ఏదో. మనుషుల్ని చూస్తే ఆకుల్లో దూరిపోద్దంట. కొమ్మమీద కూచుని రెక్కలు వణికిస్తా ఉంటదంట. అచ్చం మీరేనండీ.”

హవాయి పెద్ద దీవిలో కొండ ఎక్కారు. సన్నటి తుంపర, చెట్లకి పాచి, ఎర్ర కుచ్చుల పూలు. ముందు గైడు, వెనక పర్సిస్, ఆ వెనక టూరుకొచ్చిన తెల్లటోపీల పెద్దవాళ్లు. దైవాశీర్వాదం అలవాటు చొప్పున అందరికంటే వెనక, బురదలో ఊడిన షూ లేసు కట్టుకుంటున్నాడు. ఎవరూ నోరు విప్పకూడదని గైడు ముందే చెప్పింది. ఉన్నట్టుండి ఆవిడే ఆగి, కొమ్మల్లోకి వేలు చూపిస్తూ గుసగుసగా, ముద్దుముద్దుగా అంది.

“ఓ... మా... వో!”

“ఆఁ! వస్తన్నానే!”

అడవి దద్దరిల్లింది. కొమ్మల్లోంచి ఏదో బుర్రున ఎగిరిపోయింది. తెల్లటోపీలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. పిట్ట అసలు పేరు పలికే తీరు అదని అప్పుడు తెలిసింది ఇద్దరికీ.

పర్సిస్ నడుంమీద చెయ్యి వేసుకుని మెల్లగా దగ్గరికొచ్చింది.

“నేను పిలిస్తే పరువు పోద్ది. ఆవిడ పిలిస్తే మాత్రం వస్తన్నానే అనా?”

“అది కాదే... నువ్వనుకున్నాను.”

“నేననుకుంటే అంత గట్టిగా పలుకుతారా?”

అతను వంగి, షూ లేసు మళ్లీ కట్టుకోసాగాడు.

సాండ్‌విచ్‌లు తినడానికి అందరూ కూర్చున్నారు. దైవాశీర్వాదం తనది పట్టుకుని, మనిషెత్తు ఫెర్న్ మొక్కల చాటుకి పోయి కూలబడ్డాడు. పర్సిస్ చూడాలనుకున్న పిట్ట తనవల్లే పోయింది. తిండి సహించలేదు. కదలకుండా, మెదలకుండా, ఎవరికీ కనబడకుండా కూర్చున్నాడు. అందులో అతన్ని మించినవాడు లేడు.

అదిగో, ఎదురుగా కొమ్మమీద వాలింది. బూడిదరంగు రొమ్ము, నల్లపూసలాంటి కన్ను. వాలగానే రెక్కలు గజగజ వణికించింది, మైకు ముందు నిలబెట్టినట్టు.

పర్సిస్‌కి ఎలా చెప్పడం? కేకేస్తే పిట్ట పోతుంది. లేస్తే పోతుంది. ఊరుకుంటే ఆమె చూడకుండానే పోతుంది. తెల్లటోపీలవాళ్లు చూస్తే చూశారని, కళ్లు మూసుకుని, సన్నగా ఈల అందుకున్నాడు. పెళ్లి ఊరేగింపు పాట.

గైడు ఉలిక్కిపడి చూసింది. పర్సిస్ పెదవిమీద వేలుంచి ఆవిణ్ణి ఆపి, పిల్లిలా నడిచొచ్చి మొగుడి పక్కన చతికిలబడింది. పిట్ట తల పక్కకి వంచి ఈల విన్నది. ఎగరలేదు. పర్సిస్ దాన్ని చూసింది, తనివితీరా చూసింది. ఆపైన ఈల వేస్తూ చెవులదాకా ఎర్రబడ్డ ఆ ముఖాన్ని చూసింది.

“ఓ మావో,” అంది మెల్లగా.

చప్పుడు కాకుండా వెనకే వచ్చిన గైడు అది విని మురిసిపోయింది. ఇన్నేళ్లలో ఏ టూరిస్టూ ఆ పేరు ఇంత చక్కగా పలకలేదంది.

దైవాశీర్వాదం ఆవిడకి థాంక్స్ చెప్పాడు.