చెల్లెలి చేతుల్లో నా మెడ

మా చెల్లెలు ఫైటర్‌గా పేరు తెచ్చుకుందంటే అందులో సగం పుణ్యం నా మెడది. ఈ సంగతి ఏ పేపరువాళ్లూ రాయలేదు. వాళ్లకు ‘సీమ రక్తం’ అని రాసుకోవడానికే చోటు చాలలేదు. మా ఇంట్లో రక్తం చూస్తే మొదట కళ్లు తిరిగి పడిపోయేది మా నాయన. ఆయన కర్నూలుకూ కల్లూరుకూ మధ్య షేర్ ఆటో నడుపుతాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. జీవితంలో ఆయన గట్టిగా కొట్టింది ఆ డోలక్‌నొక్కదాన్నే.

చెల్లెలు స్కూల్లో జూడోలో చేరింది. శౌర్యం పొంగి కాదు, జూడో పిల్లలకు సాయంత్రం ఉడకబెట్టిన గుడ్డు ఇచ్చేవాళ్లు. డిగ్రీకొచ్చేసరికి జూడో చాల్లేదు. గుద్దులు, తన్నులు, కిందపడేసి మెడ బిగించడం అన్నీ కలిపిన ఎమ్మెమ్మే అనే ఆటకు మళ్లింది. చుట్టూ ఇనుప వల, లోపల ఇద్దరు, ఒకరు చచ్చిపోకుండా చూడటానికి ఒక రిఫరీ. అమ్మకు ఇది వివరించడానికి వారం పట్టింది. అంతా విని ఆమె చర్చిలో, “బిడ్డకు మంచి ఉద్యోగం రావాలని ప్రార్థన చేయండి” అని అడిగొచ్చింది.

జిమ్ము అంటే టైర్ల షాపు పైన రేకుల షెడ్డు, టెంట్ హౌస్ వాళ్లు పారేసిన పరుపులు. నేర్పేది ఒక పాత పహిల్వాన్. మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. చెల్లెలికి జోడీగా ఇంకో ఆడపిల్ల దొరకలేదు. మగపిల్లలు మొదటిరోజు నవ్వుతూ వచ్చారు, రెండోరోజు రాలేదు. దిగబెట్టడానికి వెళ్లిన నన్ను చూసి ఉస్తాద్, “ఏమప్పా, ఊరికే కూచోనుండావు గదా, వచ్చి పండుకో” అన్నాడు. పడుకున్నాను. మూడేళ్లు పడుకున్నాను. చెల్లెలు నా మెడ బిగిస్తుంది, ఊపిరాడకపోతే చేత్తో రెండుసార్లు తట్టాలి, అప్పుడు వదిలేస్తుంది. బీకాం చదివిన నాకు ఇప్పటికీ పనికొచ్చే జ్ఞానం అదొక్కటే.

మొదటి పెద్ద పోటీ బెంగళూరులో, మే నెలలో. బయల్దేరే ముందురోజు తూకం చూస్తే చెల్లెలు పోటీకి ఉండాల్సినదానికన్నా కిలోన్నర ఎక్కువుంది. పెద్ద ఊళ్లలో చెమట పట్టించడానికి ఆవిరి గదులుంటాయట. మాకు దేవుడు కర్నూలు ఎండనిచ్చాడు. మిట్టమధ్యాహ్నం రెయిన్‌కోటు తొడుక్కుని, నాయన ఆటోలో పరదాలు దించుకుని కూర్చుంది. ఒక అవ్వ పరదా ఎత్తి, “ఈ ఆటో టౌన్లోకి పోతాదా మ్మే?” అంది.

“పోదవ్వా.”

“మరి నువ్వెందుకు కూచోనుండావు?”

“బరువు తగ్గల్ల అవ్వా.”

అవ్వ దాన్ని పైనుంచి కిందికి చూసి, “ఉండేదే పిడికెడు” అని వెళ్లిపోయింది. నాయన మాత్రం ఆ రోజు బండి తిప్పలేదు. ఎదురుగా గోడ నీడన నిలబడి అయిదు నిమిషాలకోసారి, “పాపా, ఉండావా?” అని కేకేశాడు. “ఉండా నాయనా” అని వినబడేదాకా ఆయన ఊపిరి తీసుకున్నట్టు నాకు అనిపించలేదు.

బెంగళూరులో అవతలి అమ్మాయి వెనక ఒక డాక్టరు, ఒక డైటీషియన్, ఇద్దరు కోచ్‌లు. మావైపు ఉస్తాద్, నేను, ఒక నీళ్ల సీసా. మొదటి రౌండులో చెల్లెలి ముక్కు పగిలింది. రెండో రౌండులో ఆ అమ్మాయిని కిందపడేసి, వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసింది. ఆ బాధ నాకు తెలుసు. “తట్టు తల్లీ, తట్టు” అని నేనే అరిచాను. తట్టింది. గెలిచాం.

వెంటనే ఒక తెలుగు యాంకర్ మైకు పట్టుకొచ్చాడు. “ఈ తెగువ మీ సీమ ఫ్యాక్షన్ గడ్డ మీద పుట్టిందేనా?”

“కాదు సార్. స్కూల్లో గుడ్డు ఇస్తాండిరి, అందుకని పోయినా” అంది. ఆ ముక్క టీవీలో రాలేదు. కల్లూరులో మాత్రం ఫ్లెక్సీ లేచింది. అందులో మా వీధి నాయకుడు తలుపంత, చెల్లెలు పాస్‌పోర్టు ఫోటో అంత. కింద ‘కరాటే రాణి’ అని రాయించారు.

తర్వాత రెండు గెలిచి, నాలుగోది ఓడిపోయింది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి ఇంటికొచ్చింది. ఈసారి ఫ్లెక్సీ లేదు, దండ లేదు. దాన్ని ఏమని ఓదార్చాలో తెలియక నేను ఫ్యాను స్పీడు పెంచాను. అమ్మ వేడినీళ్లలో గుడ్డ ముంచి వాపు మీద కాపడం పెట్టింది. ఇక మానెయ్యమంటుందనుకున్నాను.

“నిన్ను కొట్టిన ఆ పాప అలసిపోయినప్పుడంతా కుడిచెయ్యి దించుతాండాది” అంది. “అప్పుడు కొట్టకుండా ఏం చూస్తాంటివి?”

చెల్లెలు ఉన్న ఒక్క కంటితో ఆమెవైపు చూసింది. “నువ్వు చూసినావా మా?”

“ఫోన్లో ఆ ఆట నాలుగుసార్లు చూసినా” అంది అమ్మ, గుడ్డ పిండుతూ. “కదలొద్దు, శానా వాచింది.”