రిజిస్టరులో లేని పేరు

నా చిన్నప్పుడు ఒక పూటంతా మా టీచరమ్మ మీద పీకలదాకా కోపం పెట్టుకున్నాను. అప్పుడు నాకు ఏడేళ్లు. వేంపల్లెలో రెండో తరగతి చదువుతున్నాను. ఆ కోపం సాయంత్రానికల్లా చల్లారిపోయింది గానీ, ఆ రోజు ఆమె చేసిన పని మాత్రం ఇన్నేళ్లయినా నాతోనే ఉంది.

మాది తొండూరు దగ్గర ఒక పల్లె. భూములున్న ఇల్లు. మా జేజినాయన, అంటే మా నాయనకు తండ్రి, ఆ చుట్టుపక్కల మాట చెల్లే మనిషి. ఆయన గొంతు సవరించుకుంటే తక్కినవాళ్లు మాట్లాడటం ఆపేవాళ్లు. నాకు ఐదేళ్లప్పుడు మా నాయన కామెర్లతో పోయాడు. ఆ ఇంట్లో మా అమ్మకు తిండికీ గుడ్డకూ లోటేమీ లేదు. కానీ నన్ను బడికి పంపే మాట ఎత్తినప్పుడల్లా “ఆడపిల్లకు యాడి సదువు” అని కొట్టేసేవాళ్లు. ఏడాది చూసి, ఒకరోజు అమ్మ నన్ను చంకనేసుకుని వేంపల్లెకు వచ్చేసింది. ఒక గది బాడుగకు తీసుకుని రవికెలు కుట్టడం మొదలుపెట్టింది.

జేజినాయనకు అది తల తీసేసినట్టయింది. “కోడలు పోతే పోనీ, బిడ్డ మా ఇంటి బిడ్డ. ఒకనాడు పోయి తెచ్చుకుంటా” అన్నాడని అమ్మ చెవిన పడింది. నాకు మాత్రం ఆ సంగతి తెలియదు. నాకు తెలిసిన జేజినాయన నన్ను భుజం మీద ఎక్కించుకుని చేను గట్ల వెంబడి తిప్పినవాడు, చెనక్కాయలు కాల్చి, ఊది, గింజలు ఒలిచి నా నోట్లో పెట్టినవాడు.

మా బడి చాలా చిన్నది. రెండు గదులు, ముందు ఒక వసారా, అందరికీ కలిపి ఒక్కతే టీచరు. ఆమెది జమ్మలమడుగు వైపు. సన్నగా, పొట్టిగా ఉండేది. బడి తెరిచిన మొదటి వారంలోనే పిల్లల తల్లులనూ తండ్రులనూ వసారాలో కూర్చోబెట్టి ఆ ఏడాదికి చెప్పవలసినవన్నీ చెప్పడం ఆమె అలవాటు. ఆ కాలంలో అట్లా పిలిచి చెప్పే టీచర్లు అరుదు. తలకు నూనె రాసి, పేలు చూసి పంపండి. ఆదివారం ఆదివారం గోళ్లు తీయండి. పలక పగిలిందని బిడ్డను కొట్టొద్దు, పలకలు పగలడానికే ఉన్నాయి. జ్వరమొస్తే ఇంట్లోనే పెట్టుకోండి. అమ్మవారు పోస్తే దాచకుండా నాకు చెప్పండి. చెనక్కాయలు పెరికే కాలమొచ్చిందని బడి మాన్పించవద్దు. ఇట్లా చెప్పుకుంటూ పోయి, చివర ఒక మాట అనేది. బడి విడిచిపెట్టాక బిడ్డను ఎవరు తీసుకుపోతారో వాళ్ల పేర్లు రిజిస్టరులో రాయించిపోండి, ఆ పేరు లేనివాళ్ల చేతికి నేను బిడ్డను ఇవ్వను.

ఆ మాటకు అందరూ నవ్వారు. వెనక కూర్చున్న ఒకాయన, “ఏంది టీచరమ్మా, గొడ్లే దోవ తెలుసుకోని ఇంటికొస్తాయే, పిల్లోళ్లు రాలేరా?” అన్నాడు. ఆమె కూడా నవ్వింది. “గొడ్డు తప్పిపోతే సంతలో ఇంగోటి దొరుకుతాదప్పా. బిడ్డ దొరకదు. రాయించు” అంది.

నవ్వినవాళ్లంతా నవ్వుతూనే రాయించి వెళ్లిపోయారు. మా అమ్మ అందరూ వెళ్లేదాకా ఆగింది. తర్వాత తన పేరూ మా పక్కింటి అక్క పేరూ చెప్పింది. అమ్మ ఊరికి పోయిన రోజు నాకు అన్నం పెట్టేదీ, బడి నుంచి తీసుకొచ్చేదీ ఆ అక్కే. “తండ్రి తరపున ఎవురన్నా?” అని టీచరమ్మ అడిగింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె ఎందుకని అడగలేదు. అమ్మ ముఖంలోకి ఒకసారి చూసి, ఆ గడిలో గీత గీసి, అమ్మచేత సంతకం పెట్టించుకుంది.

వినాయక చవితి అయిన వారానికి అనుకుంటాను, అమ్మ నూలుండలూ రవికె గుడ్డలూ తేవడానికి పొద్దున బస్సుకు ప్రొద్దుటూరు పోయింది. నేను మధ్యాహ్నం అక్క దగ్గర అన్నం తిని మళ్లీ బడికి వచ్చి కూర్చున్నాను. ఎక్కాలు చెప్పుకుంటున్నాం. అప్పుడు వీధిలో జీపు ఆగిన చప్పుడయింది. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతికర్ర. మా జేజినాయన!

నేను పలక అక్కడే పడేసి పరుగెత్తుకు పోయి ఆయన కాళ్లను చుట్టేసుకున్నాను. ఆయన వంగి నా తలమీద చెయ్యి వేశాడు. “పోదాం రా తల్లీ, మీ జేజి నీకోసరం ఎదురు సూస్తాంది. నల్లావు ఈనింది, దూడను సూద్దువు” అన్నాడు. జేజి అంటే మా నాయనమ్మ. నేను అప్పటికే జీపు వైపు అడుగులు వేస్తున్నాను.

టీచరమ్మ వచ్చి నా రెక్క పట్టుకుంది. గట్టిగా కాదు గానీ, విడిపించుకోలేనంతగా పట్టుకుంది. జేజినాయనకు నమస్కారం చేసి, తన కుర్చీ తెచ్చి వసారాలో వేసింది. కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. ఎండన పడి వచ్చారు, కూర్చోండి అంది. ఆయన కూర్చోలేదు. నీళ్లు తాగి చెంబు ఇచ్చి, “బిడ్డను తీస్కపోతాండా. నా మనవరాలే” అన్నాడు. అది అడగడం కాదు, తెలియజేయడం.

ఆమె లోపలికి పోయి రిజిస్టరు తెచ్చి ఆయన ముందు తెరిచింది. ఆయన దానివంక చూడకుండా జీపు వైపు మొహం తిప్పుకున్నాడు. ఆయనకు చదవడం రాదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమెకు మాత్రం ఆ క్షణంలోనే తెలిసిపోయి ఉంటుంది. రిజిస్టరును తనవైపు తిప్పుకుని, తానే సరిచూసుకుంటున్నట్టు నా పేరూ, దాని ఎదుట ఉన్న రెండు పేర్లూ వేలు పెట్టి పైకి చదివింది. “మీ పేరు ఇందులో ల్యాదు పెద్దాయనా. వాళ్లమ్మ వచ్చినదాకా నేను పంపలేను” అంది.

“నా బిడ్డ బిడ్డను తీస్కపోయేదానికి నాకు కాగితమేంది?”

“రేపు ఇంగెవురో వచ్చి నేనూ ఈ బిడ్డ మనిషినే అంటారు. అప్పుడు కూడా ఈ కాగితం సూసే కదా నేను ఆపాల.”

జేజినాయన గొంతు పెరిగింది. లోపల ఎక్కాలు చెబుతున్న పిల్లలు గుమ్మంలోకి వచ్చి తొంగిచూశారు. తాను ఎవరో ఆమెకు తెలియదా అన్నాడు. తెలుసు అందామె. పులివెందులలో ఒక్క మాట చెబితే రేపటికల్లా ఆమె ఇక్కడ ఉండదన్నాడు. ఆయన గొంతు పెరిగేకొద్దీ ఆమె గొంతు తగ్గుతూ వచ్చింది. చివరికి ఆయనకూ పక్కనున్న నాకూ మాత్రమే వినపడేంత మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. “బదిలీ చేయించండి పెద్దాయనా, పోతా. ఆ కాగితం నా చేతికొచ్చినదాకా ఈ పిల్లోళ్లు నా పూచీ.”

నేను గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాను. ఆమె చేతిని గిల్లాను. జేజినాయన దగ్గరికి పోతానని, నువ్వు చెడ్డదానివని అరిచాను. ఆమె నన్ను కసరలేదు, చెయ్యి వదలనూ లేదు. ఎదురింటామెను కేకేసి పక్కింటి అక్కకు కబురు పంపింది. అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. టీచరమ్మ ఆమెను బస్టాండులో నిలబడి, ప్రొద్దుటూరు బస్సు దిగగానే అమ్మను ఇంటికి కాకుండా నేరుగా ఇక్కడికే తీసుకురమ్మని చెప్పి పంపించింది.

జేజినాయన తలుచుకుంటే ఆ బక్కమనిషిని పక్కకు నెట్టి నన్ను ఎత్తుకుపోగలడు. జీపులో డ్రైవరు కూడా ఉన్నాడు. కానీ ఆయన అట్లా చేయలేదు. తనకోసం వేసిన కుర్చీలో చివరికి కూర్చున్నాడు. టీచరమ్మ నన్ను తన పక్కన గడప మీద కూర్చోబెట్టుకుని, ఏమీ జరగనట్టే ఎక్కాలు మళ్లీ మొదలుపెట్టింది. రెండో ఎక్కం అయింది, మూడోది అయింది. ఏడుపు ఆగక వెక్కుతూనే నేనూ చెప్పాను. జేజినాయన కర్ర మీద గడ్డం ఆనించి నావైపే చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపో నాకు తెలియదు. నీడ వసారా మెట్లు దిగిపోయింది.

అమ్మ వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయి, జుట్టు రేగిపోయి, చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చింది. నేను ఒక్క ఉదుటున లేచాను గానీ, ఆమె మొహం చూసి ఆగిపోయాను. అంతకుముందు ఎప్పుడూ మా అమ్మను అట్లా చూడలేదు. చూపు నా మీద నిలిపి, నేను ఉన్నానా అని కళ్లతోనే తడుముకుంటోంది. ఆ చూపుతో నాకు ఏదో అర్థమైంది. జీపు ఎక్కి ఉంటే దూడను చూసి సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని కాదని అర్థమైంది. టీచరమ్మ మీద కోపం ఎటు పోయిందో తెలియదు.

ఆ ఇంట్లో ఉన్న అన్నేళ్లలో మామ ఎదుట అమ్మ నోరు తెరిచి ఎరగదు. ఆ రోజు తెరిచింది. “మామా, బిడ్డను సూసేదానికి మీరెప్పుడన్నా రాండి, నేను వద్దనను. తీస్కపోవాలంటే మాత్రం నన్ను అడగాల.”

జేజినాయన లేచి, తువ్వాలు దులుపుకుని, నా తల నిమిరి, జీపెక్కి వెళ్లిపోయాడు. జీపు మలుపు తిరిగాక టీచరమ్మ వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది. ఆమె ఎడమచేతి గుప్పిట విప్పితే అందులో సుద్దముక్క పొడిపొడి అయిపోయి ఉంది. ఆమెకూ భయం వేసిందని అప్పుడు తెలిసింది. అమ్మ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. టీచరమ్మ మాత్రం, “లెయ్ మా, బిడ్డ మద్యానం నుంచి శానా ఏడ్చింది. ఏమన్నా పెట్టుపో” అని ఇద్దరినీ పంపించేసింది.

రెండు వారాలు ఏ కబురూ లేదు. ఒకరోజు బడి విడిచే వేళకు జేజినాయన మళ్లీ వచ్చాడు. జీపు లేదు, బస్సు దిగి నడిచి వచ్చాడు. అమ్మ నన్ను తీసుకుపోవడానికి అక్కడే ఉంది. ఆయన కర్రతో మట్టి గీరి, “దసరా సెలవులకు బిడ్డను పంపుతావా అని అడుగుతాండా” అన్నాడు. ఆయన జీవితంలో ఒక కోడలిని ఏదైనా అడగడం అదే మొదటిసారేమో. పంపుతానంది అమ్మ, బడి తెరిచే ముందురోజు ఆయనే తెచ్చి దించాలంది. ఆయన సరేనన్నాడు. అమ్మ టీచరమ్మ దగ్గరికి పోయి రిజిస్టరు అడిగి, మూడో పేరు తన చేత్తో రాసింది. జేజినాయన నన్ను దగ్గరికి పిలిచి, “ఏమని రాసిందో సదువు తల్లీ” అన్నాడు. నేను కూడబలుక్కుని ఆయన పేరు చదివాను. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. ఆ తర్వాత ఆయన నోట ఆడపిల్లకు చదువెందుకన్న మాట నేను వినలేదు.

మరుసటి ఏడు టీచరమ్మకు చక్రాయపేటకు బదిలీ అయింది. అది మామూలు బదిలీయో, జేజినాయన కోపంలో అన్న మాట ఎవరి చెవినైనా పడి జరిగిందో నాకు తెలియదు. ఆయన ఉన్నన్నాళ్లూ అడగడానికి నోరు రాలేదు. అడిగి ఉండవలసింది.

నేనూ టీచరునే అయ్యాను. జమ్మలమడుగులో పనిచేసేటప్పుడు ఒకసారి నా ముందుకూ అట్లాంటి మనిషే వచ్చి ఒక బిడ్డను పంపమన్నాడు. నాకూ భయం వేసింది. కుర్చీ వేశాను, నీళ్లిచ్చాను, పంపలేనని చెప్పాను. భయం పోయాక ధైర్యం వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ బిడ్డ వెళ్లిపోయి ఉండేది.

ఇప్పుడు ప్రొద్దుటూరులో నా మనవరాలి బడి నుంచి ప్రతి జూన్‌లో ఫోనుకు పెద్ద జాబితా వస్తుంది. యూనిఫాం రంగు, టిఫిన్ డబ్బాలో ఏం పెట్టాలి, సెలవుచీటీ ఎట్లా రాయాలి, బిడ్డను ఎవరు తీసుకుపోతారు. మా అల్లుడు అన్నింటికీ గబగబా తన పేరు నింపి పంపబోతాడు. నేను ఆపి, ఒక్కొక్కటీ చదివించి, ఆ చివరి గడిలో ముందు నా కూతురి పేరు రాయిస్తాను. వాళ్లకు అది ముసలిదాని చాదస్తం.

మా ఇంట్లో పిల్లలకు మాత్రం నా సంగతి ఒకటి బాగా తెలుసు. అవ్వ అరుస్తా ఉంటే బతిమాలుకోవచ్చు. అవ్వ గొంతు తగ్గించి మెల్లగా మాట్లాడిందంటే మాత్రం ఇంక ఆ మాట మారదు.