సత్యభామకు రాని నవ్వు

కబ్బన్‌పేటలో సత్యభామ నవ్వు సంగతి తెలియనివాళ్లు లేరు. అదేమిటో తెలుసుకుందామనుకున్నవాళ్లూ లేరు. మగ్గం పక్కన కండెలు చుడుతూ ఉంటే ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయేవి, ముఖం ఎర్రబడేది, గొంతులోంచి గలగలా నవ్వు వచ్చేది. కళ్లు మాత్రం భయంతో బిగుసుకుపోయేవి. కాసేపటికి దానంతటదే ఆగిపోయేది. చిన్నప్పటినుంచీ అంతే. బడిలో టీచరు బెత్తం తప్ప వేరే మందు ఎరగదు. వీధి చివర డాక్టరైతే నాలుక కూడా చూడకుండా, "పెళ్లి చేయండి, కుదురుకుంటుంది" అన్నాడు. అంతటి చదువు చదివి ఆయన కనిపెట్టిన వైద్యం అది.

1996లో తండ్రి రామాంజినప్ప చనిపోయాడు. శవం పక్కన ఏడుస్తున్న సత్యభామకు ఆ నవ్వు వచ్చింది. పెదనాయన ఓబళప్ప కులసంఘంలో పెద్దమనిషి. ఊరికే ఉంటే పెద్దరికం ఏం కావాలి?

"నాయన పీనుగ ముందర నగుతాండాది. ఎంత కొవ్వు దీనికి."

"నేను నగల్యా పెదనాయనా. అదే వస్తాది."

"అదే వస్తాదంట. వినండప్పా."

అందరూ విన్నారు. అంతమంది పెద్దల్లో ఆ పిల్ల చెంపలమీద నీళ్లు చూసినవాడు ఒక్కడూ లేడు. దినాలు కాగానే ఓబళప్ప ఆమెను హొసకోటె దగ్గర ఒక మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లి, వేపమండలతో వీపు చీరేలా కొట్టించాడు. తిరిగొచ్చే బస్సులోనే నవ్వు మళ్లీ వచ్చింది. అయినా దయ్యాన్ని వదిలించానని వీధంతా చెప్పుకున్నాడు.

2004లో నవ్వు వచ్చినప్పుడే ఒళ్లు తూలి, మగ్గం చెక్కకు తగిలి ఆమె నుదురు పగిలింది. తల్లి భాగీరథమ్మ పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. కుట్లు వేస్తుండగా మళ్లీ నవ్వు. డాక్టర్ హేమలత కోప్పడలేదు. సూది పక్కన పెట్టి, నవ్వు ఆగేదాకా ఆమె కళ్లనే చూసింది.

"ఎన్నాళ్లుగా వస్తోందమ్మా ఇది?"

ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. స్కాన్ తీస్తే మెదడు నడుమ, బాగా లోతున, శనగగింజంత గడ్డ కనిపించింది.

"పుట్టుకతో వచ్చింది. క్యాన్సర్ కాదు. ఇదొక రకం మూర్ఛ. నవ్వుతున్నది నువ్వు కాదు, ఈ గడ్డ నవ్విస్తోంది."

భాగీరథమ్మ కూతురి వీపుమీద చెయ్యి వేసి నిమిరింది. కూతుర్ని తనూ కొట్టింది మరి.

గడ్డ ఉన్నచోటికి కత్తి పోవడం కష్టం. తలకు లోహపు చట్రం బిగించి, స్కాన్ బొమ్మల్లో దారి కొలిచి, పుర్రెకు సన్నటి రంధ్రం చేసి, సూదిలాంటి కడ్డీని గడ్డదాకా దించి, దాని కొనను వేడిచేసి గడ్డను మాడుస్తామన్నారు. చూపుకో జ్ఞాపకానికో దెబ్బ తగలొచ్చనీ దాచకుండా చెప్పారు.

ఓబళప్పకు అప్పుడు హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. "మెదడు కాల్చేదేందప్పా? పిల్ల ఏమైపోతాది?"

"నా వీపు కొట్టించినప్పుడు ఈ దిగులు ఏడ పోయింది పెదనాయనా?" అంది సత్యభామ.

ఆమె మెలకువగా ఉండగానే ఆ పని జరిగింది. హేమలత పక్కన నిలబడి మాట్లాడిస్తూ ఉంటే, సత్యభామ తాము నేసే చీరల అంచుల రంగులు చెబుతూ పోయింది. ఒక్కసారికి గడ్డంతా మాడలేదు. నవ్వు తగ్గింది కానీ పోలేదు. మరుసటి ఏడు మళ్లీ కాల్చారు. ఆ తర్వాత రాలేదు. మనుషుల పేర్లు మాత్రం ఇప్పటికీ కొన్ని మరిచిపోతూ ఉంటుంది. మరిచిపోదగ్గవాళ్ల పేర్లే ఎక్కువ.

తర్వాత ఒక పెళ్లి పంక్తిలో ఓబళప్ప మీసం దువ్వుతూ, "మా పిల్లకు నేనే లేజర్ చేయించినా" అంటున్నాడు.

ఎదుటి వరసలోంచి సత్యభామ నెమ్మదిగా అంది: "అది లేజర్ కాదు. చేయించింది నువ్వూ కాదు. ఆసుపత్రి గడప కూడా తొక్కలేదు నువ్వు."

పంక్తిలో అందరికీ ఒక్కసారిగా చెవుడొచ్చింది. తలలు వంచి పాయసం జుర్రుకున్నారు. ఓబళప్ప చేయి కడుక్కోవడానికి లేచాడు. సత్యభామ లేవలేదు. వడ్డించే మనిషిని పిలిచి, ఇంకాస్త పాయసం వేయించుకుని, నిదానంగా తింది.